బజారు ఉంటేనే బేరం

మా బంధువు ఒకాయనకు చిన్న పట్నంలో బట్టల కొట్టు ఉంది. సరిగ్గా ఎదురుగా ఇంకో బట్టల కొట్టు ఉండేది. ఇరవై ఏళ్లపాటు ఇద్దరికీ మాటల్లేవు. ఓ ఆషాఢంలో ఎదుటి కొట్టుకు తాళం పడింది. ఆ రాత్రి మా బంధువు మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని ఇంటికెళ్లి, "ఇక శ్రావణమంతా మనదేనే" అన్నాడట భార్యతో.

శ్రావణం వచ్చింది, వెళ్లింది. పెళ్లి బేరాలు మాత్రం సగానికి సగం పడిపోయాయి.

కారణం ఆయనకు కార్తీకానికి గానీ అర్థం కాలేదు. పల్లె నుంచి పెళ్లి బట్టలకు ఎవరూ ఒంటరిగా రారు. రెండు ఆటోల్లో పన్నెండు మంది దిగుతారు. పెళ్లికూతురికి పట్టుచీర నచ్చాలి, నాయనమ్మకు నేతచీర దొరకాలి, పెట్టుబడి చీరలు చవగ్గా రావాలి. నాలుగు కొట్లు ఎక్కి దిగి, అయిదో కొట్లో బేరమాడి, తిరిగి మొదటి కొట్టుకొచ్చి కొంటారు. అలా తిరగడంలోనే వాళ్లకు పెళ్లి సందడి ఉంది. తిరగడానికి కొట్లు లేని ఊళ్లో వాళ్లు ఆటో దిగరు, ఇంకో గంట కూర్చుని పెద్ద ఊరికి పోతారు. ఎదుటివాడి తాళంతో మా బంధువు గల్లాపెట్టెకు కూడా సగం తాళం పడిందన్నమాట.

ఈ అధ్యాయంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదొక్కటే. కొనేవాడు ముందు బజారుకు వస్తాడు, ఆ తర్వాతే మీ కొట్టుకు వస్తాడు. బంగారానికి ప్రొద్దుటూరు, బట్టలకు చీరాల, ఉల్లిపాయలకు తాడేపల్లిగూడెం వెళ్లేవాళ్లు ఏ కొట్టుకు వెళ్లాలో దారిలో ఆలోచించుకుంటారు. ఏ ఊరికి వెళ్లాలో మాత్రం ఇంటి దగ్గరే తేల్చుకుంటారు.

మీ కొట్టును మీరు చూసుకుంటారు. మరి బజారును ఎవరు చూసుకోవాలి? ఆ పనికోసం పుట్టిందే చాంబర్ ఆఫ్ కామర్స్. కొన్ని ఊళ్లలో దాన్ని వర్తక సంఘం అంటారు, కొన్నిచోట్ల మర్చంట్స్ అసోసియేషన్ అని బోర్డు ఉంటుంది. కిరాణా కొట్టు మేడమీద ఓ గది, పది ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పాత అధ్యక్షుల ఫొటోలు, మూలన బీరువాలో మినిట్స్ పుస్తకాలు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. ఏటా చందా కట్టి రసీదు తీసుకోవడమే తప్ప ఆ మెట్లు ఎక్కి ఎన్నాళ్లయిందో ఆలోచించండి.

మోటుపల్లి నుంచి మీ వీధి దాకా

వర్తకులు కూడి అడగడం మనకు కొత్త కాదు. కాకతీయుల కాలంలో నకరం, పెక్కండ్రు అనే పేర్లతో వర్తక కూటాలు ఉండేవి. తమ సరుకుల మీద తామే ఇంత అని వేసుకుని గుడికి ఇచ్చిన లెక్కలు శాసనాల్లో ఉన్నాయి. 1244లో గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకు రాజు సొత్తయ్యేది. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోమని ఆయన రాతిమీద మాటిచ్చాడు. ఆ మాటతో రేవుకు ధీమా వచ్చింది. వర్తకుడికి రాయితీ కంటే ముందు కావలసింది ఆ ధీమాయే.

నేటి రూపంలోని చాంబర్లలో పాతవాటిలో ఒకటి 1868లో కాకినాడలో మొదలైంది. అది రేవు మీద బతికిన తెల్లవాళ్ల కంపెనీలది. 1917లో హైదరాబాద్‌లో మొదలైన చాంబర్ పెరిగి పెరిగి, ఇవాళ తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్యగా ఉంది. పేర్లు మారినా పనులు రెండే: పాలకుల దగ్గర అందరి తరఫునా ఒక్క గొంతుతో అడగడం, సంపాదించిన ఊరికి తన వంతు పెట్టడం.

ఒంటరిగా అడిగితే రానివి

"చందా కడుతున్నాం సరే, చాంబర్ మాకేం చేసింది?" ఈ ప్రశ్న ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ వినిపిస్తుంది. జవాబు చాలాసార్లు మన కళ్లముందే ఉంటుంది గానీ, అలవాటైపోయి కనిపించదు.

హమాలీ రేట్లు తీసుకోండి. లారీ నుంచి దిగుమతికి బస్తాకు ఇంత, కాటాకు ఇంత, నెట్టు కట్టడానికి ఇంత అని రెండు మూడేళ్లకోసారి హమాలీ యూనియన్, చాంబర్ కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి. ఆ కాగితం లేని రోజును ఊహించండి. లారీ వచ్చి నిలబడుతుంది, వాన మబ్బు పట్టి ఉంటుంది, మీరు ఒక్కో బస్తాకూ బేరమాడుతుంటారు. అవతల ఆ హమాలీకీ అంతే, ఏ కొట్లో ఎంతిస్తారో తెలియక రోజుకో తగాదా. ఒప్పందం ఇద్దరికీ నిద్ర పట్టిస్తుంది.

రెండోది ఆత్రేయపురం పూతరేకులు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, కుండ వీపు మీద ఒక్క లాగు. అంతే, సిగరెట్టు కాగితం కంటే పల్చని రేకు లేచి వస్తుంది. ఆ చేతి పనికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎంత గొప్ప పనివాడైనా ఈ గుర్తింపును తన ఒక్కడి పేరున తెచ్చుకోలేడు. 1999 నాటి చట్టం ప్రకారం ఉత్పత్తిదారుల సంఘమో, వాళ్ల తరఫున నిలబడే సంస్థో దరఖాస్తు చేయాలి. ఆత్రేయపురానికి తయారీదారుల సంఘం ఉంది కాబట్టే ఆ పేరు ఊరికి దక్కింది. మీ ఊరి కారానికో, కాజాకో, చెక్కబొమ్మకో పేరుంటే, మొదటి కాగితం కదలవలసింది మీ సంఘం నుంచే.

మూడోది రావలసిన బాకీ. మీరు చిన్న తయారీదారు అనుకోండి, పెద్ద కంపెనీ సరుకు తీసుకుని ఆరు నెలలు తిప్పుతోంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం సూక్ష్మ, చిన్న సంస్థల పక్షాన గట్టిగా నిలబడుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు అంగీకరించిన 45 రోజుల్లో డబ్బు చేతికి రావాలి, ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కేసు పెడితే ఆ కంపెనీ మళ్లీ ఆర్డరివ్వదని మీ భయం. ఆ భయాన్ని చట్టం తీర్చలేదు, చాంబర్ కొంత తీర్చగలదు. మీ పేరు ముందుకు తోయకుండా, "మా సభ్యుల బిల్లులు గడువు దాటాయి" అని సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం వెళితే చాలాసార్లు ఇలాంటి బాకీ కేసులు వినే కౌన్సిల్ దాకా పోకుండానే చెక్కు కదులుతుంది.

ఇక్కడ ఓ మెలిక ఉంది. 2021 జూలై నుంచి చిల్లర, టోకు వ్యాపారులకూ ఎంఎస్ఎంఈలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఇస్తున్నారు. అయితే అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసం మాత్రమే. 45 రోజుల రక్షణ కొని అమ్మేవాళ్లకు వర్తించదు. ఈ తేడా తెలియక ఆశపడి భంగపడేవాళ్లు ప్రతి బజారులోనూ ఉన్నారు. అలాగే ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదు. అయినా దానికి డబ్బులు గుంజే దళారులకు కొదవలేదు. మంచి చాంబర్ నెలకో సాయంత్రం 'కాగితాల రోజు' పెడుతుంది. ఉద్యమ్, ఫుడ్ లైసెన్సు, ట్రేడ్ లైసెన్సు, కాటా ముద్ర గడువు అన్నీ ఒకే బల్ల మీద చూసి పంపిస్తుంది. ఓ కుర్రాడు, ఓ ల్యాప్‌టాప్, ఓ టీ ఫ్లాస్కు. ఖర్చు అంతే.

అర్జీ రాయడం ఒక కళ

చాంబర్ బలం చాలావరకు కాగితం మీద ఉంటుంది. ఆ కాగితాన్నే మనవాళ్లు అజాగ్రత్తగా రాస్తారు. ఓ ఊళ్లో దసరాకు ముందు బజారులో డ్రైనేజీకి తవ్వుతారని తెలిసింది. సంఘం వాళ్లు మొదట రాసుకున్న అర్జీ ఇలా ఉంది:

"మా బజారులో డ్రైనేజీ పనుల వల్ల వ్యాపారులు తీవ్ర ఇబ్బందులకు గురవుతారు కావున తమరు దయతలచి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన."

దీన్ని చదివిన అధికారి ఏం చేయాలి? 'తగు చర్యలు' అంటే ఏమిటో ఆయనకు తెలియదు, రాసినవాళ్లకూ తెలియదు. ఆయన పక్కన సంతకం పెట్టి కిందికి పంపుతాడు, అది ఫైల్లో నిద్రపోతుంది. రెండోసారి కూర్చుని వాళ్లు ఇలా తిరగరాశారు:

"డ్రైనేజీ మాకూ కావాలి, ఆపమనడం లేదు. మా విన్నపాలు మూడు. ఒకటి: వీధికి ముందు ఒక పక్క తవ్వి, అది పూడ్చాక రెండో పక్క తవ్వించండి. రెండు: పని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు పెట్టించండి, ఆ వేళల్లో వెలుతురుకు మా షాపుల లైట్లు వేసి ఉంచుతాం. మూడు: ప్రతి షాపు ముందూ దాటడానికి చెక్క పలకలు మేమే వేసుకుంటాం, వాటిని తీసేయవద్దని కాంట్రాక్టరుకు చెప్పండి."

మూడిట్లో రెండు జరిగాయి. రాత్రి పని మొత్తంగా కుదరలేదు, అయినా పండగ నాటికి వీధిలో నడవడానికి దారి ఉంది.

రెండు అర్జీలకూ తేడా చూడండి. రెండోదానిలో అడగడంతోపాటు ఇవ్వడం కూడా ఉంది. అధికారి వెంటనే 'సరే' అనగలిగేటట్టు ముక్కలు చేసి ఉంది. ఇంకా ఈ చిన్న జాగ్రత్తలు పాటించండి. ఒక కాగితానికి ఒక సమస్య. పేజీ దాటకూడదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకైనా, తెలంగాణలో ప్రజావాణికైనా సోమవారం కలెక్టరేటుకు వెళ్లేటప్పుడు ఇరవై మంది గుంపుగా పోవద్దు. విషయం తెలిసినవాళ్లు ముగ్గురు చాలు. పని అయ్యాక కృతజ్ఞత చెబుతూ ఒక ఉత్తరం ఇవ్వండి. ఆఫీసులకు ఫిర్యాదులు వందలు వస్తాయి, ఇలాంటి ఉత్తరం ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. తర్వాతి అర్జీ ఆ ఉత్తరం వేసిన దారిలో వెళుతుంది.

తోపుడుబండి మీ శత్రువు కాదు

చాంబర్లలో పదేపదే వచ్చే తీర్మానం ఒకటి ఉంది: "షాపుల ముందు తోపుడుబండ్లు తీసేయించాలి." అద్దె, పన్ను, కరెంటు బిల్లు కట్టి కూర్చున్నవాడికి, ముందు బండి పెట్టుకున్నవాణ్ని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ మంటలో న్యాయం లేకపోలేదు. కానీ సాయంత్రం ఆరు గంటలకు బజారులో నిలబడి చూడండి. మల్లెపూల బుట్ట దగ్గర ఆగిన అమ్మాయి పక్కనే గాజుల కొట్టు ఎక్కుతుంది. మిరపకాయ బజ్జీల బండి దగ్గర పిల్లలను కూర్చోబెట్టి తండ్రి చెప్పుల షాపులోకి వెళతాడు. బండ్లన్నీ తీసేస్తే వీధి వెడల్పవుతుంది, ఆ వెడల్పులో నడిచేవాళ్లు తగ్గుతారు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రతి పట్టణంలోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలంటుంది. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే. వర్తక సంఘాలకూ అందులో చోటుంది. ఆ కుర్చీని ఖాళీగా వదిలేసి బయట ధర్నా చేసేకంటే, లోపల కూర్చుని తెల్లగీత ఎక్కడ గీయాలో, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా బండ్లు ఉండాలో తేల్చుకోవడం లాభం. మెట్లకు అడ్డం లేకుండా మూడడుగులు వదిలితే ఇద్దరి బేరమూ సాగుతుంది.

చాంబర్ చేయకూడనివి

నలుగురు కూడితే బలం వస్తుంది. ఆ బలం వంకరపోవడానికి ఎంతోసేపు పట్టదు.

మొదటిది ధరలు కట్టడి చేయడం. "రేపటి నుంచి అందరం ఈ రేటుకే అమ్ముదాం" అని తీర్మానం రాసుకోవడం చాలామందికి ఐకమత్యంలా కనిపిస్తుంది. 2002 నాటి పోటీ చట్టం దృష్టిలో అది కుమ్మక్కు. సంఘం అనుమతి పత్రం ఉంటే తప్ప కొత్తవాడికి సరుకు రానివ్వమని పట్టుబట్టిన మందుల వ్యాపారుల సంఘాల మీద పోటీ కమిషన్ జరిమానాలు వేసింది. హమాలీ రేటు వేరు, అది పనివాళ్ల యూనియన్‌తో ఎదురెదురుగా కూర్చుని చేసుకున్న కూలి ఒప్పందం. కొనేవాడి వెనక చాటుగా చేసే ధరల ఒప్పందం వేరు.

రెండోది కుర్చీ వదలకపోవడం. అధ్యక్షుడి ఫొటో పదిహేనేళ్లుగా మారలేదంటే ఆ చాంబర్ ఒకరి సొంత కొట్టయిందని అర్థం. మూడోది లెక్క. వినాయక చవితికి, క్యాలెండర్లకు, సన్మానాలకు ఎంతయిందో నోటీసు బోర్డు మీద అంటించని కోశాధికారి ఎంత నిజాయితీపరుడైనా మాట పడతాడు. నాలుగోది గడప. తరతరాలుగా ఊళ్లో ఉన్నవాళ్లకే సభ్యత్వం, టైలరమ్మకు లేదు, సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడికి లేదు అంటే ఆ చాంబర్ వయసు సభ్యుల వయసుతోపాటే అయిపోతుంది. షట్టరు ఎత్తిన ప్రతివారికీ అక్కడ ఓ కుర్చీ ఉండాలి.

మీ ఊళ్లో చాంబరే లేకపోతే దిగులు పడకండి. 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే సంఘం పెట్టుకోవచ్చు. నమోదు తేలిక. ఏటా సమావేశం జరపడం, కార్యవర్గం జాబితా, లెక్కలు సమయానికి దాఖలు చేయడం దగ్గరే చాలా సంఘాలు చతికిలబడతాయి. అందుకే అధ్యక్షుడి కంటే ముందు ఓపికగల కార్యదర్శిని వెతుక్కోండి. సభలో తక్కువ మాట్లాడి, ఇంటికెళ్లి మినిట్స్ రాసే మనిషి మీ బజారులో ఒకరైనా ఉంటారు.

ఊరికి పెట్టే వంతు

ఎండాకాలం చలివేంద్రం, మజ్జిగ, కంటి శిబిరం, వైకుంఠ రథం. మన వర్తక సంఘాలు ఇలాంటివి ఎప్పటినుంచో చేస్తున్నాయి. చేయవలసినవే. అయితే ఫ్లెక్సీలో పేరు పడని సేవ ఒకటుంది, దాని గురించి చెప్పాలి.

మొదట చెప్పిన పన్నెండు మంది పెళ్లివాళ్లను మళ్లీ గుర్తుచేసుకోండి. అందులో ఎనిమిది మంది ఆడవాళ్లే. పొద్దున తొమ్మిదికి ఇల్లు వదిలారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి వాళ్ల మొహాల్లో తొందర మొదలవుతుంది. "ఇక చాల్లే, పదండి" అంటారు. మీ గుమాస్తా అనుకుంటాడు, ధర కుదరలేదని. అసలు సంగతి వేరు. బజారు మొత్తం మీద వాళ్లు వెళ్లగలిగిన మరుగుదొడ్డి లేదు. ఉదయం నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా తిరుగుతున్నారు వాళ్లు.

మా బంధువు ఉన్న ఊరి చాంబర్ ఈ పనే పట్టుకుంది. స్థలం మున్సిపాలిటీది, కట్టించింది మున్సిపాలిటీ. రోజూ కడిగే మనిషి జీతం, నీళ్లు, బల్బు, తాళం మాత్రం చాంబర్‌వి. ఎందుకంటే ఇలాంటివి కట్టిన రోజు బాగానే ఉంటాయి, చెడిపోయేది తొంభయ్యో రోజున. తాళం చెవి మూలనున్న ఫ్యాన్సీ షాపు ఆమె దగ్గర ఉంటుంది. ఎవరు కట్టించారో చెప్పే బోర్డు లేదు, "మహిళలకు" అని బాణం గుర్తు మాత్రం ఉంది. ఊరికి మేలు, బజారుకు బేరం అని రెండు పద్దులు రాయనక్కర్లేని పని అది.

ఈ నెలలో మీరు చేయవలసినవి

1. చాంబర్ మెట్లు ఎక్కండి. గత ఏడాది మినిట్స్ పుస్తకం అడిగి చదవండి. సభ్యుడిగా అది మీ హక్కు, అరగంట పని.

2. మీ కొట్టు సమస్య ఒకటి రాసుకోండి. అది ఇంకెంతమందికి ఉందో వీధిలో అడగండి. అయిదుగురికి ఉంటే అది బజారు సమస్య. అప్పుడు అర్జీ రాయండి, పైన చెప్పిన పద్ధతిలో.

3. మీ సమస్య కాని పని ఒకటి ఎత్తుకోండి. చెప్పుల షాపాయన కాటా ముద్రల రోజు చూసుకుంటే, కిరాణా ఆయన వీధి లైట్లు చూసుకోవాలి. సొంత లాభం లేని పని చేసినవాడి మాటకే సభలో బరువు.

4. ఓ సాయంత్రం మీ బజారులో కొనడానికి వచ్చినవాళ్లలా తిరగండి. బండి ఎక్కడ పెట్టారు? ఎక్కడ కూర్చున్నారు? నీళ్లు ఎక్కడ తాగారు? మీకు దొరకనిది వాళ్లకూ దొరకదు.

5. మీరు మాట్లాడని ఎదుటి కొట్టు ఏదో మీకు తెలుసు. టీ తెప్పించేటప్పుడు ఒక గ్లాసు అటూ పంపండి.

ఈ అయిదోది మా బంధువు నుంచి నేర్చుకున్నదే. ఎదుటి షట్టరు ఏడాదిన్నర మూసి ఉన్నాక, ఓ కుర్రాడు రెడీమేడ్ షాపు పెడతానని వచ్చాడు. ఇంటి ఓనరు అడిగిన అడ్వాన్సు విని వెనక్కి పోబోయాడు. మా బంధువే వెళ్లి ఓనరుతో మాట్లాడి, సగం ఇప్పుడు, సగం సంక్రాంతికి అని కుదిర్చాడు. ప్రారంభం రోజున కుర్రాడు కొబ్బరికాయ కొట్టి గల్లా ముందు కూర్చున్నాడు. మొదట మెట్లెక్కింది ఎదుటి కొట్టాయన. ఇంట్లో డజను లుంగీలు ఉన్న మనిషి, ఒక లుంగీ తీయించాడు. ఇరవై ఏళ్లు ఆ మెట్లు ఎక్కనివాడు బేరమాడకుండా రొక్కం ఇచ్చి, బోణీ చేసి, వీధి దాటి వచ్చి తన కొట్లో కూర్చున్నాడు.